కత్తి ఇక్కడ, కన్ను ఖండాల అవతల

అబిడ్స్ జీపీఓలో పోస్ట్‌మాస్టర్ ఏం చేస్తారు? స్పీడ్‌పోస్టులు, ఆర్డీ ఖాతాలు, మనియార్డర్లు చూసుకుంటారు. కత్తి పట్టి ఆపరేషన్ చేస్తారా? 1917లో ఒకాయన చేశారు. అదీ టెలిగ్రాఫ్ మిషన్ టకటకల్లో వచ్చిన సలహా వింటూ! దూరాన ఉన్న డాక్టర్ చెబుతుంటే దగ్గరున్నవాడు కోసిన సర్జరీలలో చరిత్రకెక్కిన పాత రికార్డు ఇదే అనొచ్చు. ఎక్కడంటారా? పశ్చిమ ఆస్ట్రేలియాలోని హాల్స్ క్రీక్. పశువుల మందలు, ఎర్రమట్టి, నాలుగిళ్లు, ఒక తపాలా ఆఫీసు. డాక్టర్ లేడు, నర్సు లేదు.

జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీంచి పడ్డాడు. లోపల మూత్రాశయం దెబ్బతింది. బండిలో పడుకోబెట్టి గంటల తరబడి కుదుపుల దారిలో హాల్స్ క్రీక్ తెచ్చారు. పోస్ట్‌మాస్టర్ టకెట్‌కు వచ్చినదల్లా ప్రథమ చికిత్స. దాన్ని ఆయనకు నేర్పిన డాక్టర్ హాలండ్ ఉన్నది పెర్త్‌లో. పక్షి ఎగిరే లెక్కన చూసినా మధ్య దూరం 1,900 కిలోమీటర్ల పైమాటే, అంటే హైదరాబాద్ నుంచి శ్రీనగర్ అంత. టకెట్ తీగ కొట్టారు. అటునుంచి జవాబు వచ్చింది: ఆపరేషన్ చేయాల్సిందే, నువ్వే చేయాలి. పనిముట్లు? పెన్సిళ్లు చెక్కే జేబుకత్తి. క్రిమిసంహారిణి? బావుల్లో వేసే ఊదారంగు పర్మాంగనేట్ పలుకులు. క్లోరోఫామ్ లేదు. మనిషిని బల్లకు కట్టి, స్నేహితులు అదిమి పట్టుకున్నారు. మోర్స్ కోడ్‌లో ప్రశ్న పోతోంది, జవాబు వస్తోంది, కత్తి కాస్త కదులుతోంది, మళ్లీ ప్రశ్న. గంటల కొద్దీ నడిచింది ఈ తంతు.

ఆపరేషన్ గట్టెక్కింది, మనిషి గట్టెక్కలేదు. పెర్త్ నుంచి హాలండ్ పశువుల ఓడ ఎక్కి, ఆపైన కారులో పడుతూ లేస్తూ రెండు వారాలకు దగ్గరగా ప్రయాణం చేసి వచ్చేసరికి డార్సీ పోయి ఒక రోజు. చూస్తే కోత బాగానే మానుతోంది, చంపింది మలేరియా, దానికి తోడు లోపలి చీముగడ్డ. ఈ కబురు దేశమంతా పాకింది. 1928లో విమానంలో డాక్టర్‌ను పంపే సేవ ఆస్ట్రేలియాలో మొదలు కావడానికి ఇదీ ఒక కారణమంటారు. హాలండ్ పేరు కొందరికైనా తెలుసు. ఇక టకెట్? దూరం నుంచి చెప్పి చేయించిన వైద్యపు రికార్డుల ఈ జాబితాలో పెద్దపీట ఆయనకే వేస్తాను.

ఇక అతి పొట్టి తీగ. 1905లో హాలెండ్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త ఆసుపత్రిలో ఉన్న రోగి గుండె విద్యుత్ సంకేతాన్ని టెలిఫోన్ తీగ మీద తన ప్రయోగశాలకు రప్పించారు. ఎంత దూరం? కిలోమీటరున్నర. నాంపల్లి స్టేషన్‌లో దిగి, అబిడ్స్ మీదుగా కోఠీ చేరేలోపే అయిపోయే దూరం. ఈసీజీ పుట్టగానే దూరప్రయాణం కట్టిందన్నమాట!

దూరాన కూర్చుని ఆపరేషన్ థియేటర్ పద్ధతిని తప్పుపట్టడం, ఇక్కడివాళ్లు 'వచ్చి చూడండి' అని సవాలు విసరడం: ఆ రికార్డు మన హైదరాబాద్‌ది. నాంపల్లి నుంచి పట్టుమని మూడు, నాలుగు కిలోమీటర్లు లేని అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో 1888లోనూ, 1889లోనూ క్లోరోఫామ్ కమిషన్లు నడిచాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాదం ఒకటే: మత్తిచ్చేటప్పుడు నాడి కాదు, ఊపిరి చూడు. లండన్ వైద్య పత్రిక లాన్సెట్ ఒప్పుకోలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సర్కారు 1,000 పౌండ్లు ఇస్తాం, మీ మనిషిని పంపండి అంది. లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చారు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు కలిపి 400కు పైగా జంతువుల మీద పరీక్షలు. చివరికి బ్రంటన్ కూడా లారీ వైపే మొగ్గారు. ఇంత చేసీ తీర్పు పూర్తిగా నిలవలేదు. క్లోరోఫామ్ నేరుగా గుండెనే తడబరచి ఆపగలదని 1911లో లెవీ ప్రయోగాలు తేల్చాయి.

ఆ కమిషన్ కాలంలోనే, ఆ వైద్య పాఠశాలలోనే చదువుకున్న అమ్మాయి రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకునే పేరు ఆమెది. కిరీటం అక్కడికి.

సముద్రం మీద? రోమ్‌లో 1935లో పుట్టిన రేడియో వైద్య కేంద్రానిది మొదటి వరుస. నడిసముద్రంలో ఏ దేశపు ఓడలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా రేడియోలో ఉచితంగా సలహా. దాని తొలి అధ్యక్షుడు ఎవరనుకున్నారు? రేడియో కనిపెట్టిన మార్కోనీయే.

అతి దగ్గరి సర్జన్ రికార్డు 1961 ఏప్రిల్ 30ది. రోగికీ సర్జన్‌కూ మధ్య దూరం సున్నా! అంటార్కిటికాలోని సోవియట్ స్థావరంలో ఉన్న ఒకే ఒక్క డాక్టర్ లియొనిడ్ రోగొజోవ్, వయసు 27, తన అపెండిక్స్ తానే తీసుకున్నారు. బయట మంచు తుపాను, విమానం రాదు. ఒకరు అద్దం పట్టారు, ఇంకొకరు పనిముట్లు అందించారు, ఇద్దరూ డాక్టర్లు కారు. గంటా నలభై అయిదు నిమిషాలు. రెండు వారాల్లో మళ్లీ డ్యూటీ.

అతి ఎత్తైన దారి 1965 మే నెలలో పడింది. హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ గుండె ఆపరేషన్ చేస్తుంటే జెనీవాలో డాక్టర్లు టీవీలో అప్పటికప్పుడే చూశారు. బొమ్మ వెళ్లింది ఎర్లీ బర్డ్ అనే ఉపగ్రహం మీదుగా. దాని బరువు 40 కిలోలైనా లేదు, అది ఉన్న ఎత్తు 36,000 కిలోమీటర్లు.

అతి చల్లని థియేటర్ దక్షిణ ధ్రువం. 1999లో అక్కడి స్థావరం డాక్టర్ జెర్రీ నీల్సన్‌కు రొమ్ములో గడ్డ తగిలింది. చలికాలంలో అక్కడ నెలల తరబడి విమానం దిగదు. తన గడ్డలోంచి ముక్క తానే తీసి, సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఫొటోలు అమెరికా పంపారు. మందులను విమానంలోంచి జారవిడిచారు. 2002 చలికాలంలో అదే స్థావరంలో ఒక ఉద్యోగి మోకాలి స్నాయువు తెగితే, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి ఎముకల డాక్టర్, మత్తు డాక్టర్ తెర మీద చూస్తూ చెబుతుంటే, అక్కడున్న డాక్టర్ కుట్టారు. దూరం 14,000 కిలోమీటర్ల పైన. చెప్పేవాళ్లకు జులై ఉక్కపోత, కుట్టే చోట బయట గడ్డకట్టే చీకటి.

అతి చిన్న పాఠం ఎస్సెమ్మెస్ సైజుది. 2008లో కాంగోలో యుద్ధం మధ్య ఒక 16 ఏళ్ల అబ్బాయికి చేతిని భుజంతో సహా తీసేయాలి. కుళ్లు పైకి పాకింది. అక్కడున్న లండన్ సర్జన్ డేవిడ్ నాట్‌కు రక్తనాళాల పని కొట్టిన పిండి, ఈ ఆపరేషన్ మాత్రం ఎప్పుడూ చేయలేదు. లండన్‌లో ఉన్న సహచరుడు మైరియన్ థామస్‌కు సందేశం పెట్టారు. జవాబుగా ఒకటి తర్వాత ఒకటి అంచెలు వచ్చాయి. మొదట ఏ ఎముక, తర్వాత ఏ నాళం, ఎక్కడ ముడి. చదువుకుని చేశారు. అబ్బాయి బతికాడు. ఫోర్‌జీ, ఫైవ్‌జీ అంటూ గొంతు చించుకునేవాళ్లు ఈ రికార్డును ఒకసారి చూడాలి.

మన తెలుగు నేలకు వద్దాం. ఉపగ్రహ డిష్ కట్టిన తొలి పల్లె ఆసుపత్రి ఏది? చిత్తూరు జిల్లా అరగొండ. అపోలో ప్రతాప్ సి. రెడ్డి సొంతూరు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. అదే రోజు ఆయన చేతుల మీదుగా ఈ సేవ మొదలైంది. ఊరి ఎక్స్‌రే, ఈసీజీ, స్కాను చెన్నైలో తెర మీద తేలాయి. అంతవరకు పెద్ద డాక్టర్‌ను చూడాలంటే బస్సెక్కాలి, ఒక రోజు కూలి పోవాలి, తోడు ఒకరు రావాలి, లాడ్జిలో దిగాలి. ఇక్కడ కత్తి పట్టలేదు కదా అంటారా? ఏ ఆపరేషన్‌కైనా సగం పని కత్తికి ముందే ఉంటుంది: కోయాలా వద్దా, ఇక్కడే కోయాలా, పట్నం పంపాలా. ఆ నిర్ణయాన్ని పల్లె గడప దాకా తెచ్చినందుకు అరగొండకు కిరీటం.

నాంపల్లికీ వాటా ఉంది. ఏటా జనవరి 1 నుంచి 46 రోజులు నుమాయిష్ జరిగే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్ చెంతనే ఉంటుంది కేర్ ఆసుపత్రి. కేర్ సంస్థను నడిపిన గుండె డాక్టర్ సోమరాజు, క్షిపణుల అబ్దుల్ కలాం జోడీ కట్టి తక్కువ ధర స్టెంట్ తయారు చేశారు. దాని పేరే కలాం-రాజు స్టెంట్. 2012లో అదే జోడీ పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక టాబ్లెట్ కంప్యూటర్‌ను తెచ్చింది. ఒకటి గుండె నాళంలో దూరేది, ఇంకొకటి చేతిసంచిలో పట్టేది.

సముద్రం దాటిన తొలి రోబో ఆపరేషన్‌ది 2001 సెప్టెంబరు 7. న్యూయార్క్‌లో జాక్ మారెస్కో మీటలు కదిపారు, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో 68 ఏళ్ల మహిళ పిత్తాశయం బయటికొచ్చింది. మధ్యలో అట్లాంటిక్, దాని అడుగున ఫైబర్ తీగ, సుమారు 6,200 కిలోమీటర్లు. కోత పని 54 నిమిషాలు. చెయ్యి కదిపిన తర్వాత ఆ కదలిక తెర మీద కనబడటానికి పట్టిన సమయం సగటున 155 మిల్లీసెకన్లు, రెప్పపాటు అంత. 1927లో ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమాన చోదకుడి పేరు మీద దీన్ని లిండ్‌బర్గ్ ఆపరేషన్ అన్నారు. నాలుగు రోజులకే, సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట శిఖరాలు కూలాయి. ఆపరేషన్ వార్త పేపర్ల లోపలి పేజీల్లోకి జారిపోయింది. అదృష్టం లేని రికార్డు!

అయితే ఒక్కసారి చేసి చప్పట్లు కొట్టించుకోవడం వేరు, రోజువారీ పనిగా చేయడం వేరు. ఆ కిరీటం కెనడాది. 2003 ఫిబ్రవరి 28న హామిల్టన్ నగరంలో కూర్చున్న మెహ్రాన్ అన్వారీ, 400 కిలోమీటర్ల దూరంలోని నార్త్ బే అనే చిన్న ఊరి ఆసుపత్రిలో తొలి ఆపరేషన్ చేశారు. మనకు హైదరాబాద్, రాజమండ్రి మధ్య ఉన్నంత దూరం. ఆ తర్వాత వరసగా జరిగి, లెక్క 21కి చేరింది. జీర్ణాశయం, పెద్దపేగు, హెర్నియా. ఒక్కటీ మధ్యలో పొట్ట తెరిచి చేయాల్సిన పరిస్థితి రాలేదు. జాప్యం 135 నుంచి 140 మిల్లీసెకన్లు.

అసలు విశేషం రోబో కాదు. బల్ల పక్కన నార్త్ బే సర్జన్ ఎప్పుడూ ఉన్నారు. కొంత పని ఆయన చేశారు, కొంత అన్వారీ చేశారు, మీట ఇటు నుంచి అటు మారింది. అంతకుముందు అన్వారీ చాలాసార్లు చేసింది కేవలం చూసి చెప్పడమే. దీనికి పెద్ద హంగామా అక్కర్లేదు. పొట్టలోకి దించిన కెమెరా బొమ్మ పెద్ద డాక్టర్ తెర మీద పడుతుంది. ఆయన పెన్నుతో తెర మీద గీత గీస్తే, అదే గీత పల్లె థియేటర్ తెర మీద కండ మీదే గీసినట్టు తేలుతుంది. ఇక్కడ కొయ్యి, ఇది నాళం, దీని జోలికి పోకు, ఆ పొర ఇంకొంచెం పైకి ఎత్తు. నాలుగు కేసులు అలా చేశాక పల్లె సర్జన్‌కు గీత అక్కర్లేకుండా పోతుంది. దూరం మీద పర్యవేక్షణ చేయాల్సిన పని అదీ: తన అవసరాన్ని తానే తగ్గించుకోవడం.

అతి లోతైనది ఇదిగో. 2004 అక్టోబరులో ఫ్లోరిడా తీరాన సముద్రం అడుగున అక్వేరియస్ అనే ప్రయోగశాలలో నాసా బృందం కాపురం పెట్టింది. లోతు 19 మీటర్లు, ఒక తాటిచెట్టును నిలువునా నీళ్లలో దించితే తల మునిగేంత. అక్కడున్నవాళ్లు బొమ్మ రోగుల మీద ఆపరేషన్లు చేశారు, హామిల్టన్ నుంచి మళ్లీ అన్వారీయే చెప్పారు.

అతి ఎత్తైన థియేటర్, అతి తేలికైన రోబో ఒకేచోట. 2024 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒక బుల్లి రోబో నేల మీది సర్జన్లు చెప్పినట్టు కత్తెర ఆడించింది. బరువు కిలో కూడా లేదు! ఆపరేషన్ థియేటర్లో నిలబడే పెద్ద రోబోలు వందల కిలోలు. సర్జన్లున్నది అమెరికాలోని నెబ్రాస్కాలో, రోబో ఉన్నది 400 కిలోమీటర్ల పైన, గంటకు 27,000 కిలోమీటర్లకు మించిన వేగంతో తిరుగుతూ. ఏం కోసిందంటే, రబ్బరు బ్యాండ్లు. జాప్యం అర సెకను పైచిలుకు. మనిషి కండ మీద అంత జాప్యం అంటే చెమటలే.

ఈ జాప్యం లెక్క కాస్త చూడండి. ఫైబర్ గాజులో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 36,000 కిలోమీటర్ల ఎత్తు ఉపగ్రహం మీదుగా మాట పోయి జవాబు రావాలంటే ఎంత గింజుకున్నా అర సెకనుకు దగ్గర. చంద్రుడికైతే రెండున్నర సెకన్లు. అంగారకుడు అందరికంటే మందకొడి: ఒక్క వైపుకే 3 నుంచి 22 నిమిషాలు. 'ఆపు, అది రక్తనాళం' అన్న కేక చేరేసరికి కొంప మునిగి చాలాసేపవుతుంది.

మన దేశానికి తొలి దూరపు గుండె రికార్డు 2018 డిసెంబరులో వచ్చింది. తేజస్ పటేల్ గాంధీనగర్ అక్షర్‌ధామ్ ఆలయ ప్రాంగణంలో కూర్చుని, 32 కిలోమీటర్ల దూరాన అహ్మదాబాద్‌లో ఉన్న రోగులకు రోబోతో స్టెంట్లు వేశారు. మొత్తం అయిదుగురికి. అబిడ్స్ నుంచి పటాన్‌చెరు దాకా పోయినంత దూరం. 2025 జనవరిలో లెక్క పెరిగింది: గురుగ్రామ్ నుంచి జైపూర్‌కు 286 కిలోమీటర్లు, దేశంలో తయారైన మంత్ర రోబో, జాప్యం 35 నుంచి 40 మిల్లీసెకన్లు. విజయవాడలో రోగి, హైదరాబాద్‌లో సర్జన్ అన్నట్టు.

చైనాది మెదడు. 2019 మార్చిలో హైనాన్ దీవి నుంచి ఫైవ్‌జీ మీద బీజింగ్‌లోని పార్కిన్సన్ రోగి మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టారు. దూరం దాదాపు 3,000 కిలోమీటర్లు. 2024 జూన్‌లో రోమ్ నుంచి బీజింగ్‌కు ప్రోస్టేట్ సర్జరీ: 8,000 దాటింది. 2025లో కువైట్, బ్రెజిల్ మధ్య: 12,000 దాటింది! హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 22 సార్లు పోయివచ్చినంత. కువైట్ అనగానే కడప, కోనసీమ ఇళ్లలో వీసాలు, విమాన టికెట్లు గుర్తొస్తాయి. ఇకనుంచి ఇదీ గుర్తుంచుకోవచ్చు.

అతి పెద్ద క్లాసు 2014 మేలో నడిచింది. లండన్ సర్జన్ షఫీ అహ్మద్ కళ్లజోడుకు కెమెరా తగిలించుకుని ఆపరేషన్ చేస్తుంటే 115 దేశాల్లో 13,000 మంది విద్యార్థులు చూశారు.

వీటన్నిటికంటే పెద్ద అంకె ఒకటుంది. సురక్షితమైన ఆపరేషన్ అందుబాటులో లేనివాళ్లు ప్రపంచంలో 500 కోట్లు అని 2015లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. ఏటా ఇంకా 14.3 కోట్ల ఆపరేషన్లు జరగాలట. రెండు గంటల్లో చేరగలిగే ఆసుపత్రిలో మూడు పనులు జరగాలన్నారు: సిజేరియన్, పొట్ట తెరిచే ఆపరేషన్, బయటికొచ్చిన విరిగిన ఎముకను సరిచేయడం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ చూస్తున్నాం. ఆ దారిలో మిల్లీసెకన్లు లెక్కకు రావు, వాగులు లెక్కకొస్తాయి. నన్నడిగితే, 12,000 కిలోమీటర్ల రోబో కంటే, ఏజెన్సీ ఆసుపత్రిలో ఒక మత్తు డాక్టర్, ఒక సర్జన్, వాళ్లకు ధైర్యం చెప్పే ఒక తెర ఉండటమే పెద్ద రికార్డు.

చట్టం సంగతీ ఒక ముక్క. మన దేశంలో టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చింది 2020 మార్చి 25న, సరిగ్గా తొలి లాక్‌డౌన్ మొదలైన రోజు. దూరం నుంచి సర్జరీ చేయడాన్ని అవి స్పష్టంగా తమ పరిధి బయటే పెట్టాయి.

చివరిగా, అతి చౌకైన పర్యవేక్షకుడు. బరువు ఒక కాగితమంత. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో విడుదల చేసిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో ఉన్నవి 19 అంశాలు. మూడుసార్లు ఆగి చదవాలి: మత్తివ్వక ముందు, కోత పెట్టక ముందు, రోగి థియేటర్ దాటక ముందు. పేరేమిటి, ఏ వైపు, ఏ ఆపరేషన్, యాంటీబయాటిక్ ఇచ్చారా, కత్తులు, దూది లెక్క సరిపోయిందా. అతుల్ గవాండే బృందం 8 నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించింది, వాటిలో ఢిల్లీ ఒకటి. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి పడ్డాయి. ఉపగ్రహం లేదు, ఫైబర్ లేదు, జాప్యం సున్నా. నాంపల్లి కోర్టుల ఎదుట ఏ జిరాక్స్ షాపులోనైనా రెండు రూపాయల పని. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ పడితే, ఆసుపత్రి చిన్నదైనా పెద్దదైనా, మొహమాటపడకుండా డాక్టర్‌గారిని ఒక్క మాట అడగండి: థియేటర్లో ఆ చెక్‌లిస్ట్ పైకి చదువుతారా అండీ?